రెండో పార్టీ నిద్రలో ఉండగా

జమ్మలమడుగు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు గోడవార
నాపరాయి అరుగు మీద కూచుని
ముప్పై ఏళ్లుగా ఇతరుల మాటల్ని
స్టాంపు కాగితాల మీద నిలబెడుతున్నాను.
మొదటి పార్టీ. రెండో పార్టీ.
తూర్పున ఫలానావారి శనగచేను, పడమర పెన్న పోరంబోకు.
పుత్ర పౌత్ర పారంపర్యంగా,
ఆచంద్రతారార్కం...
ఈ మాట దగ్గర నా పెన్ను కాస్త తడబడుతుంది.
నేను రాసిన చంద్రుళ్లు చాలామంది
మూడు పంటలు దాటలేదు.

రెండు వర్గాల రాజీ కాగితం మా నాయన రాసినాడు,
మిషన్ బడిలో అక్షరం దిద్దుకున్న పెద్ద ఓబేదు.
పొట్టేలును కోసినారు. ఇరువైపులవాళ్లూ
ఒకే వరసలో విస్తళ్లు పరుచుకుని తిన్నారు.
తొమ్మిది వేలిముద్రలు, రెండు సంతకాలు.
సాక్షి: ఓబేదు.

పదకొండో నెలలో
ఎవరిదో నాటుబాంబు, ఎవరికోసమో విసిరింది,
సాక్షి కుడిచేతి బొటనవేలు పట్టుకుపోయింది.

కట్టు విప్పుతూ అమ్మ అడిగింది:
"కాపాడతా అన్యాడు గదా, యాడ పాయ?"
నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.
ఆ ప్రశ్న మా ఇంట్లో
ఉప్పుకుండ పక్కనే చాన్నాళ్లు ఉండిపోయింది.

తర్వాతెప్పుడో పింఛను మిషను బొటనవేలు అడిగింది.
లేని వేలు చూపించి నాయన నవ్వినాడు.
ఆ రాత్రి కరెంటు లేదు.
మిద్దె మీద, చుక్కల కింద, చాప పరుచుకుని
ఆ ముసలాయన కథ ఎత్తుకున్నాడు.
"లెక్కపెట్టు, అన్యాడంట దేవుడు చుక్కల్ని చూపించి.
నమ్మినాడు గానీ, గుర్తేమి అని అడిగినాడు.
పెయ్యనూ మేకనూ పొట్టేలునూ నడిమికి చీల్చి
ఎదురుబొదురు పేర్పించినాడు.
పొద్దుగూకేసరికి ముసలాయనకు గాఢనిద్దర.
అప్పుడు పొగలు కక్కే కుంపటీ, మండే దివిటీ
ఆ తునకల నడుమ నడిచిపొయ్యినాయి."

నాలో దస్తావేజు లేఖరి ఊరుకోలేదు.
"చెల్లదు నాయనా ఆ కాగితం.
స్వస్థచిత్తంతో, పూర్తి సమ్మతితో అని రాయాల.
రెండో పార్టీ గురక పెడుతుంటే
రిజిస్ట్రారు మొహాన కొడతాడు."

"అదే గదరా అబ్బీ.
మేలుకోనుంటే వాడూ నడిచేవాడు.
నడిచి, తప్పేవాడు.
తప్పితే నన్నిట్ల చీల్చండి అని నడవడం ఆ నడక.
అందుకే వాణ్ని పండుకోబెట్టి
రెండు పక్కలా తానే నడిచినాడు.
తప్పింది మనం. చీలింది ఆయన."
కాసేపు ఆగి, మొండిచేతిని చుక్కలకు అడ్డం పెట్టి,
"ముద్ర ఎయ్యనీకి వేలు ల్యాకపోయినా
నేనుండా దాంట్లో."

మెట్ల మీద కూచున్న అమ్మ అంది:
"చీల్చిన మాంసం మీద వాలిన గద్దల్ని తోలిందెవరు?
ముసలాయనే గదా.
ఆ పని మాత్రం ఎవురూ చెయ్యరు మనకు."
నాయన నవ్వినాడు. ఆమె నవ్వలేదు.

ఈ వారం నాయన మిషన్ ఆసుపత్రిలో.
పాత వార్డు, అటు ఎనిమిది మంచాలు, ఇటు ఎనిమిది.
డాక్టరు నాతో ఏమీ ఖరారుగా చెప్పడు,
నేనూ కాగితం మీద పెట్టమని అడగను.
నడిరాత్రి కరెంటు పోయింది.
ఆయా హుసేన్‌బీ
ఒక చేత వేపాకు పొగ కుంపటి,
ఒక చేత టార్చిలైటు,
రెండు వరసల నడుమ
ఆ చివరి నుంచి ఈ చివరికి
ఎవర్నీ లేపకుండా నడిచిపోయింది.

నాయన నిద్రలోనే ఉన్నాడు.
మంచం పట్టె పక్కన అమ్మ,
కొంగుతో దోమల్ని తోలుతూ.